ఎండకు నీళ్లు, ఉక్కకు గాలి

రోహిణి కార్తె ఇంకా నాలుగు రోజులుందనగా పట్టణాల్లోని మోటారు దుకాణాల ముందు కోళ్ల రైతులు బారులు తీరడం ఏటా జరిగే తంతే. ఫ్యాన్లు కావాలంటారు, ఫాగర్లు కావాలంటారు, పైపులు కావాలంటారు. ధర గీసి బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు. ఇంటి దగ్గర షెడ్డులో కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి మరి. సరుకు ఊరు చేరి, బిగించే మనిషి దొరికి, పని పూర్తయ్యేసరికి జరగాల్సిన నష్టంలో సగం జరిగిపోతుంది. ఆ సాయంత్రం చచ్చిన కోళ్లను గోనె సంచుల్లోకి ఎత్తి లెక్కపెట్టుకుంటూ, ఏం చేస్తాం, ఎండలు అలా ఉన్నాయి అని నిట్టూరుస్తారు.

ఎండలు అలా ఉన్న మాట నిజమే. 2003లోనూ, 2015లోనూ వచ్చిన వడగాలులు మరిచిపోయేవి కావు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మనుషులే వడదెబ్బకు రాలిపోయారు. ఇక కోళ్ల సంగతి చెప్పనక్కర లేదు. అయితే ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఒక షెడ్డులో పది కోళ్లు పోతే పక్క షెడ్డులో వందల్లో పోవడం కోళ్లు పెంచే ఊళ్లన్నీ ఎరిగినదే. ఎండ ఒక్కటే కారణమైతే రెండు చోట్లా ఒకేలా పోవాలి. తేడా షెడ్డు కట్టడంలో ఉంది. రైతు ఆ పూట చేసిన పనిలో ఉంది. మరీ ముఖ్యంగా, ఆ రోజు కోళ్లను మాడ్చేది ఎండా, ఉడికించేది ఉక్కా అన్నది పోల్చుకోవడంలో ఉంది. ఈ రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు. గోదావరి జిల్లాల్లో చాలామంది రెండింటికీ ఒకటే మందు వేస్తున్నారు.

కోడికి చెమట పట్టదు

మనిషికి ఎండ తగిలితే చెమట పడుతుంది. ఆ చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. పైగా ఒళ్లంతా ఈకల దుప్పటి. దాని ఒంటి వేడి మామూలు రోజుల్లోనే సుమారు 41 డిగ్రీలు, అంటే మనిషికి తీవ్రమైన జ్వరం. ఆ వేడిని దించుకోవడానికి దానికున్న దారులు రెండే. రెక్కలు జార్చి ఒంటికి గాలి తగలనివ్వడం ఒకటి, నోరు తెరిచి రొప్పి గొంతులోని తడిని ఆవిరి చేసుకోవడం రెండోది. చుట్టూ ఉన్న గాలి 30 డిగ్రీలు దాటితే రొప్పడం మొదలవుతుంది. 35 దాటితే ప్రమాదం గుమ్మంలోకి వచ్చినట్టే.

పైనుంచి వచ్చే ఎండ ఒక్కటే వేడి అనుకుంటే పొరపాటు. ఎదిగిన గుడ్ల కోడి ఒక్కొక్కటీ రమారమి 10 వాట్ల వేడి పుట్టిస్తుంది. 10,000 కోళ్ల షెడ్డులో లక్ష వాట్లు. అంటే నూరు ఇస్త్రీ పెట్టెలు రాత్రింబవళ్లు వెలుగుతున్న గది అన్నమాట. ఆ వేడి బయటికి పోవడానికి దారి లేకపోతే పైకప్పు మీద ఎన్ని నీళ్లు చల్లినా ప్రయోజనం అంతంత మాత్రమే.

కోడి రొప్పినప్పుడు ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా ఎక్కువగా బయటికి పోతుంది. దానితో రక్తం గుణం మారి గుడ్డు పెంకుకు కావలసిన సున్నం సరిగా అందదు. మే నెలలో పలచ పెంకు గుడ్లు, తోలు గుడ్లు, లారీలో పగిలే గుడ్లు ఎక్కువ కావడానికి అదే కారణం. అనపర్తి, బిక్కవోలు ప్రాంతాల గుడ్లు ఒడిశా, బెంగాల్, బీహార్, అస్సాం దాకా ప్రయాణం చేయాలి. పలచ పెంకు అంత దూరం ఆగదు. కోడి చావకపోయినా రైతు నష్టపోయే తీరు ఇది. చచ్చిన కోళ్ల లెక్కే అందరి నోటా పడుతుంది గాని ఈ లెక్క ఎవరి పుస్తకంలోనూ విడిగా కనబడదు.

రోడ్డు చూసి కట్టిన షెడ్లు

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని కోళ్ల పెంపకం మొదలైన నాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అలా ఉంటే ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ కురచ గోడలకు తగులుతుంది. పొడుగు వైపులు ఉత్తర దక్షిణాలకు తెరుచుకుని ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తిరిగే పైరగాలి నేరుగా లోపలికి వస్తుంది. కోనసీమలోనూ, మెట్టలోనూ ఆ గాలి విలువ తెలియని రైతు లేడు. అయినా పొలం గట్టును బట్టి, రోడ్డును బట్టి, లారీ తిరిగే వీలును బట్టి ఉత్తర దక్షిణాలుగా కట్టిన షెడ్లు తక్కువేమీ కావు. సాయంత్రం 3 నుంచి 6 దాకా వాటిలో పడమటి వరస కోళ్ల మీద ఎండ నేరుగా పడుతుంది. ఎక్కువ కోళ్లు పోయేది కూడా ఆ వేళలోనే.

వెడల్పు 30 అడుగులు మించితే సహజమైన గాలి రెండో వైపు దాకా చేరదు. మధ్య వరసల కోళ్లు ఉడికిపోతాయి. చూరు కనీసం 3, 4 అడుగులు ముందుకు రావాలి. కొప్పు దగ్గర వేడి గాలి పోవడానికి సందు ఉండాలి. వాన పడుతుందని ఆ సందును రేకుతో మూసేసిన షెడ్లు ఊరికి నాలుగైనా కనిపిస్తాయి. సందు మీద చిన్న టోపీలా మరో రేకు లేపి వేయించుకుంటే వానా రాదు, వేడీ ఆగదు. ఆ ఖర్చుకు వెనకాడే రైతే కోళ్లు పోయాక అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాడు.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు షెడ్డుకూ షెడ్డుకూ మధ్య దూరం. 50, 60 అడుగులైనా వదలాలన్నది లెక్క. డెల్టాలో భూమి ధరలు చూస్తే ఆ లెక్క ఎవరికీ రుచించదు. ఎకరంలో రెండు షెడ్లు పట్టే చోట మూడు లేపుతారు. మొదటి షెడ్డు గుండా వేడెక్కి, అమ్మోనియా వాసన పట్టుకుని వచ్చిన గాలినే రెండో షెడ్డు కోళ్లు పీలుస్తాయి. మూడో షెడ్డుకు ఆ పాటి గాలి కూడా మిగలదు. మూడో షెడ్డు మీద వచ్చిన రాబడిలో ఎంత భాగాన్ని మే నెల తినేస్తుందో లెక్క రాసుకునే రైతు అరుదు. రాసుకుంటే నాలుగేళ్లకే తెలిసిపోతుంది, వదిలిన ఖాళీ జాగా ఊరికే పోలేదని.

తొలినాళ్లలో తాటాకు పందిళ్లలో వందల లెక్కన కోళ్లు పెంచినప్పుడు ఇంత వేడి బాధ లేదు. తాటాకు ఎండను ఆపినంత బాగా సిమెంటు రేకు ఆపదు. అలాగని వేల కోళ్లకు తాటాకు ఇప్పుడు సాధ్యం కాదు. చెద, నిప్పు, ఏడాదికోసారి కొత్త నేత, పైగా నేసే మనుషులు కరువు. రేకు మీదే చేయదగ్గ పని ఉంది. రెండు వానలు పడితే సిమెంటు రేకు నాచు పట్టి నల్లబడుతుంది, నలుపు వేడిని మింగుతుంది. ఫిబ్రవరి నెలాఖరులో రేకులు గీకి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. ఇంత చవకైన పని మరొకటి లేదు. చవక కాబట్టేనేమో, దీన్ని పట్టించుకునేవారూ తక్కువే.

రేకుల మీద వరిగడ్డి పరిచి తడపడం మరో పద్ధతి. మంచిదే గాని దాని వెనక ఒక అపాయం ఉంది. తడిపినంత సేపే అది చల్లదనం. మోటారు ఆగి గడ్డి ఎండితే అది చితి. షెడ్డు మీదుగా వేలాడే కరెంటు తీగల నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. గడ్డి పరిచే రైతు ముందు తీగలు సరిచేయించుకోవాలి.

రెండు రకాల వేడి

ఇక అసలు సంగతి. గోదావరి జిల్లాల్లో వేసవి ఒకే తీరుగా ఉండదు. కొన్ని రోజులు పడమటి గాలి తోలుతుంది. పొద్దున్న పదింటికే ముఖం మీద సెగ కొట్టినట్టుంటుంది. ఉతికిన బట్ట పావుగంటలో ఆరుతుంది. సముద్రపు గాలిని ఆ పడమటి గాలి రానివ్వదు. ఇది పొడి ఎండ. మరికొన్ని రోజులు గాలి స్తంభిస్తుంది. ఎండ 36, 37 డిగ్రీలే చూపిస్తుంది గాని చెమట ఆరదు, రాత్రి కూడా నిద్ర పట్టదు. ఇది ఉక్క. జనం రెండింటినీ ఎండలు అనే ఒక్క మాటతో సరిపెడతారు. కోడికి మాత్రం ఈ తేడా చావు బతుకుల తేడా.

నీరు ఆవిరైతే చుట్టూ ఉన్న గాలి చల్లబడుతుంది. కూజాలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రం మీదే. అయితే గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. ఎండ 42 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 25 శాతమే ఉన్న రోజున ఫాగర్లతో గాలిని లెక్క ప్రకారం 26 డిగ్రీల దాకా చల్లార్చే వీలుంది. అంత పూర్తిగా ఎవరి షెడ్డులోనూ దిగదు గాని, అందులో సగం దిగినా కోళ్లు బతుకుతాయి. అదే 37 డిగ్రీల ఎండలో తేమ 60 శాతం ఉంటే ఎన్ని నీళ్లు చిమ్మినా 30 డిగ్రీల కిందికి రాదు. వాస్తవంలో దిగేది మూడు నాలుగు డిగ్రీలు. ఆ మూడు నాలుగు డిగ్రీల కోసం షెడ్డులో తేమను 80, 90 శాతానికి ఎక్కిస్తే జరిగేదేమిటి? కోడి రొప్పుతుంది, కాని గొంతులోని తడి ఆవిరి కాదు. దానికున్న ఒక్క దారినీ రైతే చేజేతులా మూసేస్తున్నాడు. ఫాగర్లు ఆపకుండా వేశాం, అయినా కోళ్లు పోయాయి అని వాపోయే రైతుల్లో కొందరి కోళ్లు పోయింది ఆ ఫాగర్ల వల్లే.

గాలి సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఉక్క రోజున ఫ్యాన్ల గాలి కోడి ఒంటికి తగిలితే ఎంతో హాయి. గాలి వేడి 36, 37 అయినా కోడి ఒంటి వేడి 41 కాబట్టి ఆ గాలి వేడిని మోసుకుపోతుంది. అదే పడమటి గాలి 43, 44 డిగ్రీల్లో వీస్తుంటే ఫ్యాను వేయడమంటే కొలిమి తిత్తి ఊదడమే. ఆ రోజున పడమటి వైపు గోనె పట్టాలు కట్టి, వాటిని తడిపి, ఫాగర్లు వేసి, గాలిని ముందు చల్లార్చి ఆపైన కదిలించాలి. క్లుప్తంగా చెప్పాలంటే పొడి ఎండకు ముందు నీళ్లు, ఆ తర్వాత గాలి. ఉక్కకు గాలి ఒక్కటే.

ఏ రోజు ఏదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మామూలు థర్మామీటర్లు రెండు కొనాలి. ఒకదాని గుండుకు పలచని నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొస చిన్న సీసాలోని నీళ్లలో వేలాడదీయాలి. రెండింటినీ కోళ్ల ఎత్తులో, ఫాగరు తుంపర పడని చోట, గాలి ఆడేలా పక్కపక్కన కట్టాలి. పొడి థర్మామీటరుకూ తడిగుడ్డ థర్మామీటరుకూ మధ్య తేడా 10 డిగ్రీలు, ఆ పైన ఉంటే నీళ్లు బాగా పనిచేస్తాయి. తేడా 5 డిగ్రీలకు దిగిందంటే ఫాగర్లు కట్టేసి ఫ్యాన్లు వేయాలి. ఆ రెండింటి నడుమ ఉంటే ఫాగరు రెండు నిమిషాలు వేసి పది నిమిషాలు ఆపుతూ, ఫ్యాన్లు మాత్రం ఆపకుండా నడపాలి. వేలు పోసి ఫాగర్లు కొనే ప్రతి రైతూ ముందుగా ఈ రెండు థర్మామీటర్లు కొనడం మంచిది. ఫాగర్లు అమ్మేవారు ఈ ముక్క చెప్పరు, చెప్పాలని ఆశించడమూ అమాయకత్వమే.

కప్పు మీద స్ప్రింక్లర్లకూ ఈ విచక్షణ కొంత కావాలి. కప్పు మీద చల్లిన నీరు రేకును చల్లబరుస్తుంది, అది ఏ రోజైనా మంచిదే. కాని చూరు నుంచి కారిన నీరు ఎత్తు షెడ్ల కింద ఉన్న పెంట పోగుల్లోకి దిగితే ఉక్కా, ఈగలూ, అమ్మోనియా మూడూ ఒకేసారి పెరుగుతాయి. చూరు వెంట దోనె కట్టి నీటిని అవతలికి తీయాలి.

తాగే నీళ్లు వేడెక్కితే

గుడ్ల కోడి మామూలు రోజుల్లో 200, 250 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. ముదురు ఎండల్లో అది రెట్టింపవుతుంది. 10,000 కోళ్లకు రోజుకు 2,500 లీటర్లు సరిపోయిన చోట 5,000 లీటర్లు కావాలి. ట్యాంకు మాత్రం శీతాకాలపు లెక్కకే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. మెట్టలో బోర్లు అడుగంటుతాయి. కోళ్ల నీటికి, ఫాగర్లకు, కప్పు మీదికి అన్నింటికీ అదే బోరు. నీళ్లు చాలని చోట మొదటి వాటా కోడి గొంతుకే దక్కాలి.

నీళ్లుండి కూడా కోళ్లు దాహంతో పోయే షెడ్లున్నాయి. ఎండలో నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అక్కడి నుంచి రేకు కింద పాకిన ప్లాస్టిక్ గొట్టం. మధ్యాహ్నం రెండింటికి చివరి నిపుల్ దగ్గర నీళ్లు పట్టి చెయ్యి పెట్టి చూస్తే చుర్రుమంటుంది. తన ఒంటి వేడికి దగ్గరగా కాగిన నీళ్లను కోడి ముట్టదు. ట్యాంకు మీద పాక వేసి, చుట్టూ తడి గోనెలు కట్టి, గొట్టాన్ని భూమిలోంచి తెచ్చి, మధ్యాహ్నం వేళ గంటకోసారి లైను చివర విప్పి వేడి నీరు పారబోసుకుంటే చాలు. దీనికి ఏ డాక్టరూ అవసరం లేదు, చివరి నిపుల్ దాకా నడిచే ఓపిక కావాలి.

దాణా వేళలు మార్చుకోవాలన్న సంగతి చాలామంది రైతులకు తెలుసు. తిన్న దాణా అరిగేటప్పుడు కోడి ఒంట్లో వేడి పెరుగుతుంది. పొద్దున్న తొమ్మిదింటికి కడుపు నిండా తింటే మిట్టమధ్యాహ్నానికి లోపలి వేడీ బయటి వేడీ కలుస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికే లైటు వేసి మేపుకుని, ఎండ వేళ దాణా ఆపి, మళ్లీ చల్లబడ్డాక వేయాలి. గుల్ల సాయంత్రం పూట వేస్తే రాత్రి పెంకు కట్టే వేళకు అందుతుంది. టీకాలు, ముక్కులు కత్తిరించడం, కోళ్లను ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు మార్చడం మొదలైనవన్నీ రాత్రి పూటకో, తర్వాతి నెలకో వాయిదా వేయాలి. వేసవిలో గూటికి ఒక కోడి తగ్గించుకోవాలి. బ్రాయిలర్ అయితే కోడికి చదరపు అడుగు అన్న లెక్కను కొంచెం సడలించాలి, కింద ఊక రెండంగుళాలకు మించనివ్వరాదు. సి విటమిను, ఎలక్ట్రోలైట్ పొట్లాల వల్ల కొంత మేలు లేకపోలేదు. కాని గాలి ఆడని షెడ్డులో పొట్లం మీద పొట్లం కలిపితే లాభపడేది మందుల దుకాణమే.

కరెంటు పోతే ఎవరిది బాధ్యత

అన్ని వైపులా మూసి, ఒక చివర తడి ప్యాడ్లు, మరో చివర పెద్ద ఫ్యాన్లు పెట్టిన కొత్త రకం షెడ్లు ఈ జిల్లాలకూ వచ్చాయి. ఎండను తట్టుకోవడంలో అవి పాత షెడ్లకంటే మెరుగన్నది నిస్సందేహం. కాని వాటికి ప్రాణం కరెంటు. తెరిచిన షెడ్డులో కరెంటు పోతే కోళ్లు బాధపడతాయి. మూసిన షెడ్డులో కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే అరగంటలో షెడ్డు మొత్తం పోయే ప్రమాదం ఉంది. భారీగా అప్పు తెచ్చి అలాంటి షెడ్డు కట్టే రైతు రెండో జనరేటరు ఖర్చు కూడా ఆ అప్పులోనే చూసుకోవాలి. అది లేకుండా అప్పు ఇచ్చే బ్యాంకు, తన సొమ్మును తానే ఎండలో పెడుతోంది. ఉక్క రోజుల్లో ప్యాడ్ల వల్ల చల్లదనం తక్కువే వస్తుందన్నది కూడా కోస్తా రైతు మరువరాదు. పొడి ప్రాంతపు షెడ్డు చూసి వచ్చి ఇక్కడా అంతే చల్లగా ఉంటుందనుకుంటే నిరాశ తప్పదు.

విద్యుత్ శాఖ వారికి ఒక మాట. లైన్ల మరమ్మతులకు కరెంటు ఆపక తప్పదు. కాని కోళ్ల ఫారాలు ఎక్కువగా ఉన్న ఫీడర్లపై ఏప్రిల్, మే నెలల్లో ఆ పని మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పెట్టుకోవడం ఏం న్యాయం? ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించవచ్చు. ముందు రోజే ఊళ్లో టముకు వేయించవచ్చు, సెల్‌ఫోన్లకు కబురు పంపవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

బ్రాయిలర్ కంపెనీల కింద కోళ్లు పెంచే చిన్న రైతుల గతి మరీ కనాకష్టం. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, నీళ్లు, కరెంటు, కాపలా రైతువి. కిలోకు ఇంతని కూలి. చచ్చిన కోళ్లు పెరిగితే, దాణా ఖర్చు పెరిగితే ఆ కూలి తగ్గుతుంది. ఎండకు అయిదో వారం దాటిన బరువు కోళ్లే ముందు పోతాయి. కోళ్లను రేపు ఎత్తాలా, ఎల్లుండి ఎత్తాలా అన్న నిర్ణయం మాత్రం కంపెనీదే. మార్కెట్టు బాగాలేదని నాలుగు రోజులు ఆలస్యం చేసి, ఆ నాలుగు రోజుల్లో వడగాలికి పోయిన కోళ్లను రైతు పద్దులో రాయడం ధర్మం కాదు. వేసవి బ్యాచ్‌కు పిల్లల సంఖ్య తగ్గించి ఇవ్వడం, హెచ్చరిక వచ్చిన రోజుల్లో పోయిన కోళ్లను విడిగా లెక్కించడం, ఎత్తుడు ఆలస్యమైతే నష్టంలో కంపెనీ వాటా పడడం ఒప్పంద పత్రంలోనే ఉండాలి. బీమా చేసే రైతు కూడా వడదెబ్బ చావులకు పరిహారం ఉందో లేదో సంతకానికి ముందే చదివించుకోవాలి. తర్వాత చదివించుకుంటే తెలిసేది దుర్వార్తే.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తోంది. మంచి పని. అయితే అవి మనుషుల కోసం ఇచ్చేవి, వాటిలో ఎండ డిగ్రీలకే ప్రాధాన్యం. కోళ్ల రైతుకు గాలిలో తేమ ఎంత, రాత్రి వేడి ఎంతకు దిగుతుంది అన్నవి అంతకంటే ముఖ్యం. రాత్రి చల్లబడితే కోడి కోలుకుంటుంది. రాత్రి కూడా 30 డిగ్రీలు తగ్గకపోతే నిన్నటి వేడి ఒంట్లో ఉండగానే మర్నాటి ఎండ మొదలవుతుంది. మూడో రోజునో నాలుగో రోజునో ఒక్కసారిగా కోళ్లు పడిపోతాయి. పశుసంవర్ధక శాఖ ఈ రెండు అంకెలూ కలిపి, ఇది ఎండ రోజా ఉక్క రోజా అన్నది ఒక్క ముక్కలో రైతు సేవా కేంద్రాల బోర్డు మీద రాయిస్తే ఎంతో మేలు. రాసేందుకు సుద్దముక్క చాలు.

షెడ్డులో ఉండేది కోళ్లే కాదు. ఆ రేకుల కింద దాణా బస్తాలు మోసే, గుడ్లు ఏరే మనుషులున్నారు. వారిలో చాలామంది పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి షెడ్డు పక్కనే రేకుల గదిలో కాపురముంటారు. కోడికి 40 డిగ్రీల్లో ఫ్యాను పెట్టిన యజమాని, మనిషి పడుకునే గదికి సున్నం పూత వేయించాడా అన్నది కూడా చూడాల్సిన సంగతే.

పెరట్లో పది నాటుకోళ్లు ఉన్న ఆడవాళ్లకు ఇవేవీ అక్కరలేదు. నాటుకోడి తన నీడ తానే వెతుక్కుంటుంది. అరటి బోదెల దగ్గర తడి మన్ను గోకి అందులో పొర్లుతుంది. అయితే పిల్లల కోడిని గంప కింద మూసి, మీద బరువు పెట్టి, పొద్దున్న నీడ ఉన్న చోటే మధ్యాహ్నం ఎండ వస్తుందన్నది మరిచిపోయి పొలం వెళ్లిపోవడం ఉంది. గంప ఎప్పుడూ చెట్టుకు తూర్పు పక్కన ఉండాలి, లోపల నీళ్ల మూకుడు ఉండాలి. ఇక పందెం కోడి భోగం వేరు. దానికి చెట్టు నీడ, తడి గుడ్డ, వేళకు స్నానం, ఒళ్లు పట్టే మనిషి. సంక్రాంతి మూడు రోజుల ముచ్చటకు అంత శ్రద్ధ చూపే చేతులు, ఏడాది పొడవునా ఇల్లు గడిపే కోడికి సున్నం పూత దగ్గర పొదుపు పాటించడం విడ్డూరమే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని కోళ్లు పోక తప్పదు. పోయినవాటిని ఏం చేస్తున్నారన్నది ఊరంతటికీ సంబంధించిన విషయం. కట్టేసిన కాలువల్లో, మురుగు బోదెల్లో సంచులతో సహా పారేస్తున్నారు. జూన్‌లో కాలువకు నీళ్లు వదలగానే ఆ కుళ్లంతా కొట్టుకుపోయి కింది ఊళ్ల మంచినీటి చెరువుల్లోకి చేరుతుంది. ప్రతి ఫారం దగ్గరా లోతైన గొయ్యి, సున్నం సిద్ధంగా ఉండాలి. లేనివారి మీద పంచాయతీ జరిమానా వేస్తే తప్పు పట్టరాదు. ఎండకే పోయాయిలే అని అన్నింటినీ ఒకే గాటన కట్టడమూ మంచిది కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి ఎంత నష్టం తెచ్చిందో రైతులు మరిచి ఉండరు. ఎండ చావులు మధ్యాహ్నం, సాయంత్రం జరుగుతాయి, బరువు కోళ్లు ముందు పోతాయి. అలా కాక తెల్లవారుజామున కూడా కోళ్లు పడుతున్నా, తలలు వాచినా, జుట్టు నీలంగా మారినా వెంటనే పశువైద్యునికి చెప్పాలి, సంచిలో కట్టేసి ఊరుకోరాదు.

ఈ వేసవికి చేయగలిగినవి సున్నం, గోనెలు, గొట్టాలు, థర్మామీటర్లు. చెట్ల నీడ మాత్రం వచ్చే వేసవులకే. తొలకరి పడగానే షెడ్డుకు 20 అడుగుల అవతల పడమటి వైపు కానుగ, వేప వరస వేసుకోవాలి. దక్షిణం వైపు గుబురు చెట్లు పైరగాలిని ఆపేస్తాయి, అటు కొబ్బరి అయితే బోదెల నడుమ నుంచి గాలి ఆడుతుంది. చెట్ల మీద వాలే కాకులు, పిట్టలు లోపలికి రాకుండా షెడ్డు పక్కలకు వల తప్పనిసరి. మృగశిరకు మొక్క నాటితే అది రేకు ఎత్తు దాటేసరికి మూడు నాలుగు వేసవులు పడుతుంది.